కారిడార్‌లో వరి

మొన్న పొద్దున మా పక్క ఫ్లాట్ అంకుల్ పోయారు. బ్లాకు కింద తెల్ల టెంటు ఎవరికోసమో అని ఆరా తీస్తుంటే ఆయన కూతురే ఎదురొచ్చి, "నాన్న నిద్రలోనే వెళ్ళిపోయారు ఆంటీ" అంది.

నాకు అనుమానం ఎక్కువ. మా ఆయన దాన్ని జబ్బంటారు. యూ టీ అనే ఈ పేటలో ఈ ఇంటికి మారిన మొదటి వారమే అంకుల్ మీద నా కన్ను పడింది. బర్మాలో పుట్టిన తెలుగువాడు. తాతలు శ్రీకాకుళం నుంచి వెళ్ళారట, మాటలో ఆ యాస అలాగే ఉండేది. తలుపు ముందు నాలుగు బకెట్లు, వాటి చుట్టూ పాత చీర. రోజూ చీర తప్పించి లోపలికి చూసుకునేవారు, నేను కనబడగానే మూసేసేవారు. ఒకరోజు ఆయన లేనప్పుడు నేనే చూశాను. బురద, నిలవ నీళ్ళు, గడ్డి. అప్పుడు మా బ్లాకులో డెంగీ. వెంటనే దోమల నివారణ వాళ్ళకి ఫోన్ చేసి చెప్పేశాను.

ఇన్‌స్పెక్టర్లు వచ్చి మూడు బకెట్లు పారబోయించారు. నాలుగోది నీళ్ళు తీసేయించడంతో ఎండిపోయింది. అది గడ్డి కాదు, వెన్ను తీయబోతూ పొట్ట మీదున్న వరి.

సంగతి తర్వాత కూతురు చెప్పింది. బర్మాలో ఆయన తమ్ముడిది సాగు. పోరు ఊరి దాకా వచ్చినప్పుడు తాతలనాటి విత్తనం గుప్పెడు ఇక్కడికి పంపాడు. వడ్లు ఊరికే దాస్తే మొలక చచ్చిపోతుంది, ఏటా పండించి కొత్త గింజ తీయాలి. అందుకే ఆ బకెట్లు. ఆ తర్వాత తమ్ముడి గాదె తగలబడింది. ఎవరు కాల్చారో తెలియదు, తెలిసినా ఫోన్లో చెప్పడు. సాయంగా పంచే బియ్యం తినొచ్చు గానీ విత్తలేరు. ఆ విత్తనం ఇక మిగిలింది మా కారిడార్‌లోనే. దాన్ని నేను పారబోయించాను.

అంకుల్ విత్తనాల డబ్బా అడుగున మిగిలిన పాత గింజలు నానేసి తడిబట్టలో కట్టారు. మూడు రోజులు నేనూ తలుపు సందులోంచి చూశాను. పదకొండు మొలిచాయి. ఈసారి దోమపిల్లల్ని తినడానికి బకెట్‌కి రెండు గప్పీ చేపలు వదిలి, ఇన్‌స్పెక్టర్‌ని ఆయనే పిలిచి చూపించారు. "తినే గింజ వేరు, దాసే గింజ వేరమ్మా. ఆకలేసినా రెండోది ముట్టకూడదు" అనేవారు. నాతో మామూలుగానే ఉండేవారు. తెలిసి ఊరుకున్నారా, తెలియకా? అదీ నాకు అనుమానమే.

పోయిన నెల కాళ్ళు కదలక నన్ను పిలిచి బకెట్లు చూసుకోమన్నారు. నాకే ఎందుకని అడిగాను.

"రోజుకి పదిసార్లు తొంగి సూస్తావు. నీ కన్ను దాటి దోమ కూడా పోదు. నువ్వు ఫోన్ సేసిన రోజే అనుకున్నాను, దీనికి నీకన్నా కాపలా దొరకదని."

ఇంటికొచ్చి వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

ఇప్పుడు ఆ బకెట్లు నా తలుపు ముందున్నాయి, చుట్టూ అదే చీర. కోత కాగానే గింజలు బర్మాకి పట్టుకెళ్ళే మనిషిని కూతురు వెతుకుతోంది. ఆ మనిషిని ముందు నేను చూడాలన్నాను.

ఈ పొద్దున నీళ్ళు పోస్తుంటే వెన్నులు అప్పుడే వంగుతున్నాయి, చేపలు పైకొచ్చాయి. లిఫ్టు పక్క ఫ్లాట్‌లోకి కొత్తగా వచ్చినావిడ చెప్పుల పట్టీ సర్దుకుంటున్నట్టు వంగి ఇటే చూస్తోంది. చెయ్యి దానంతటదే చీర మీదికి పోయింది.

మూయలేదు. పక్కకి జరిపాను.