మామయ్య పెట్టిన పదును

మా మామయ్య, మా ఆయన వాళ్ళ నాన్న, పోయి ఇరవై రోజులైంది. ఆ రోజు మధ్యాహ్నం నారాయణగూడ మార్కెట్ నుంచి నేను కూరగాయల సంచులతో వచ్చేసరికే పడక్కుర్చీలో ప్రాణం పోయింది. నిద్రపోతున్నారనుకుని చప్పుడు చేయకుండా లోపలికి వెళ్ళాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

చిక్కడపల్లిలో మాది రెండు గదుల వాటా. అశోక్ నగర్‌లో హాస్టళ్ళ పిల్లల కోసం మేం నడిపే కర్రీ పాయింట్‌కి కూరలన్నీ ఇక్కడే వండుతాం. రోజూ పదిహేను కిలోల ఉల్లిగడ్డ నేనే కోయాలి. మొదటి ఏడాదికే మణికట్టు వాచింది. దుకాణం మూసేద్దామని మా ఆయనతో పోరు పెట్టాను. అప్పుడు మామయ్య నా కత్తి తీసుకుని, అంచు మీద బొటనవేలు అడ్డంగా ఆనించి చూశారు.

"చేతిది తప్పు గాదు బిడ్డా. ఇది కోస్తలేదు, నువ్వే దాన్ని నూకుతున్నవ్."

ఫ్యాక్టరీ టూల్ రూమ్‌లో పనిచేసి రిటైరైన మనిషి. మిషన్లు బిగించడానికొచ్చిన విదేశీ ఇంజనీరు ఎప్పుడో ఇచ్చిన తెల్లటి సిరామిక్ రాయి ఒకటి ట్రంకుపెట్టెలోంచి తీశారు. తడిగుడ్డ మీద దాన్ని కదలకుండా పెట్టి, కత్తి వీపు కొద్దిగా ఎత్తి, పిడి దగ్గర నుంచి మొన దాకా ఒక్క తీరుగా లాగేవారు. తొందర అనేది ఆయన ఒంట్లో లేదు. నేనేమో పప్పు మాడుతోందని కేకలు వేస్తుండేదాన్ని.

ఒకసారి ఆయన ఇంట్లో లేనప్పుడు నేనే నూరబోయాను. మా పుట్టింట్లో సానరాయికి నూనె రాసే అలవాటు. దీనికీ పల్లీ నూనె పోశాను. కత్తి జారుతుందే తప్ప పదునెక్కదు. రాయి నల్లగా జిడ్డు పట్టింది. అరిగిపోయిందనుకుని చెత్తబుట్టలో పడేశాను! మామయ్య వచ్చి దాన్ని ఏరుకుని, గిన్నెలు తోమే పౌడర్ వేసి అరగంట రుద్దితే మళ్ళీ తెల్లబడింది.

"రాయి అరగలే. ఇనుము తిని కడుపు నిండింది, గంతే. దీనికి నూనె వద్దు, ఓపిక గావాలె. జర కూసో, నేర్పిస్త."

"నాకు తీరికేడుంది మామయ్యా?"

ఏడేళ్ళు అదే జవాబు చెప్పాను. ఏడేళ్ళూ ఆయనే నూరారు.

ఆఖరి ఏడాది చేతులు వణికేవి. రెండుసార్లు వేలు కోసుకున్నారు. బజార్లో సాన పట్టేవాడికి ఇస్తానంటే మాత్రం కోపమొచ్చేది. "గా చక్రం మీద నిప్పులు లేస్తయ్, కత్తి ఖరాబైతది. నాకేం పరేషాన్ లేదు, నువ్వు నీ పని జూస్కో." నా అలసటలో పడి ఆయన అలసట చూడలేదు. ఇప్పుడు ఒప్పుకుని ఏం లాభం?

పోయే ముందు రోజు కూడా మూడు కత్తులూ నూరి పెట్టారు. దినాలయ్యాక దుకాణం తెరిచాం. మొదట్లో కత్తి ఆనిస్తే చాలు, ఉల్లిగడ్డ తెగేది. తర్వాత నొక్కాల్సి వచ్చింది. నిన్న టమాటా తోలు మీద జారిపోయింది. మణికట్టు మళ్ళీ లాగుతోంది.

"రాయి ఉంది గదా, నూరరాదూ" అన్నాడు మా ఆయన.

నూరితే మామయ్య పెట్టిన పదును పోతుందని చెప్పడానికి సిగ్గేసింది. నూరకపోయినా అది రోజూ పోతూనే ఉంది.

ఇవాళ పొద్దున పొయ్యి ముట్టించక ముందే తడిగుడ్డ పరిచి కూర్చున్నాను. నాలుగు సార్లు లాగేసరికి తెల్లటి రాయి మీద సన్నటి నల్ల గీతలు పడ్డాయి. ఆయన పెట్టిన అంచు అలా రాయి మీదికి దిగిపోతోంది. చెయ్యి కాసేపు ఆగింది. కళ్ళు తుడుచుకుని, కత్తి తిప్పి రెండోవైపు మొదలుపెట్టాను.