రెండున్నర గంటల తేడా

పంజగుట్టలో ఒక ట్రావెల్స్ ఆఫీసులో టికెట్లు రాసేదాన్ని. ఊళ్లో ప్రతివాళ్లూ కంప్యూటరు నేర్చుకుని ఎగిరిపోదామని చూస్తున్న రోజులు. నేను ఒక్కసారి కూడా విమానం ఎక్కకపోయినా, ఏ ఊరు ఎంత దూరమో, ఎన్ని గంటల ప్రయాణమో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. జనం మాత్రం చేరే టైములోంచి బయల్దేరే టైము తీసేసి లెక్క కట్టేవారు. బోరబండ నుంచి వచ్చిన ఒకాయన కువైట్ టికెట్ పట్టుకుని, "గిదేంది మేడం, పోనీకి రెండున్నర గంటలేనా, రానీకి ఏడున్నరనా?" అని కొట్లాటకు దిగాడు. "ప్రయాణం ఎటైనా అయిదు గంటలే. టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే అన్నా" అన్నాను. ఆ మాట రోజుకు పదిసార్లు చెప్పేదాన్ని, విసుక్కుంటూనే.

ఉండేది అమీర్‌పేట హాస్టల్లో. గదిలో నాతోపాటు ఉండే ఇద్దరూ కోర్సు అవగానే పెట్టె సర్దుకునేవారు, వాళ్ల మంచాల్లోకి ఇంకెవరో వచ్చేవారు. కొన్నాళ్లకు పేర్లు అడగడం కూడా మానేశాను. అమ్మానాన్న పోయాక నాకంటూ మిగిలింది మా అక్క. కువైట్‌లో నర్సు. ఆదివారం నేను చర్చి నుంచి రాగానే వార్డెన్ గదిలోని ఫోనుకు చేసేది. "ఇక్కడ పదైందే, డ్యూటీకి వెళ్లాలి" అనేది. నా బుర్ర వెంటనే రెండున్నర గంటలు కలుపుకునేది. రెండేళ్లు అలా కలుపుతూనే ఉన్నాను.

ఒక వారం అక్క, "సర్టిఫికెట్ల పనిమీద విశాఖపట్నం వెళ్తున్నానే. శుక్రవారం పదిన్నరకి బేగంపేటలో దిగుతా. విశాఖ ఫ్లైటుకి మధ్యలో రెండున్నర గంటలుంటుంది, రా" అంది. తిరిగి వెళ్లేది బొంబాయి మీదుగా. అంటే మాకున్నది ఆ కాసేపే. ఆ కాసేపట్లో అడగాలనుకున్నాను: నన్నూ నీ దగ్గరికి తీసుకుపో అక్కా, ఒంటరిగా ఉండలేకపోతున్నాను అని. వార్డెన్ ఎదురుగా ఫోన్లో అనలేని మాట అది. "నీకొకటి చెప్పాలక్కా, వచ్చాక చెప్తా" అని మాత్రం అన్నాను.

శుక్రవారం సెలవు పెట్టి, తలంటుకుని, ఒంటిగంటకు దిగుతుందని అరగంట ముందే వెళ్లాను. గేటు దగ్గర గార్డును కువైట్ విమానం గురించి అడిగితే నావంక వింతగా చూశాడు.

"అది పొద్దుగాలనే వచ్చింది కదమ్మా. పదిన్నరకు."

పదిన్నర! ఇక్కడి పదిన్నరే! అక్క చెప్పింది దిగే టైము. దానికి నేను రెండున్నర కలిపాను. రోజంతా జనానికి పాఠం చెప్పే మహాతల్లిని.

"ఒకామె మస్తు సేపు గీడనే నిలబడ్డది. చెల్లె వస్తదని అందరి మొహాలు చూసింది. జర సేపు ముందటనే లోపలికి పోయింది" అన్నాడు. బతిమాలాను. బోర్డింగ్ అయిపోయిందన్నాడు. పిచ్చిదానిలా ఆ గేటు పట్టుకుని ఏడ్చాను. ఒంటిగంటకు ఒక విమానం లేచింది. అదేనేమో.

ఆదివారం ఫోను మోగింది. వార్డెన్ కుర్చీలో కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది.

"ఆఫీసులో పని తగిలిందా? పోనీలే. ఏదో చెప్పాలన్నావు కదా, ఏంటది?" అంది అక్క.

"ఏం లేదక్కా. ఊరికే."

"బాగానే ఉన్నావు కదా?"

"బాగానే ఉన్నాను."

అక్క నమ్మింది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.