హీటర్ స్ప్రింగుకు నేను వేసిన ముడి

మా ఇంటి హీటర్ కొన్నది కాదు. గాడులు చెక్కిన మట్టి పలకను రేకు డబ్బాలో కూర్చి, ఆ గాడుల్లో స్ప్రింగు తీగ పరిచి మా ఆయన చేశాడు. మాది ధరూర్ పక్క పల్లె. చలికాలం మా అత్తమ్మకు చన్నీళ్ళు పడవు, ఆయాసం వస్తుంది. హీటర్ మీద గిన్నె పెట్టేదీ ఆమే, దించేదీ ఆమే.

ఒక పొద్దున స్ప్రింగు తెగింది. మా ఆయన ఆటో తీసుకుని గద్వాల పోయాడు. ఆయన వచ్చేదాకా ఆగితే సరిపోయేది. నాకేమో ఓపిక తక్కువ, పది దాకా సైన్సు చదివానన్న పొగరు ఎక్కువ. ప్లగ్గు పీకి, తెగిన రెండు కొసలనూ వేళ్ళతో మెలేశాను. వైరును స్ప్రింగుకు కలిపే బోల్టు దాకా కొస అందకపోతే, ప్లాస్టిక్ తొడుగున్న కరెంటు వైరునే నేరుగా స్ప్రింగుకు చుట్టేశాను.

స్విచ్ వేయగానే స్ప్రింగంతా ఎర్రబడింది. ముడి వేసిన చోట మాత్రం తెల్లగా, కళ్ళు చెదిరేలా మండింది.

"గిదేంది బిడ్డా, గీడ గట్ల మెరుస్తుంది?" అని అడిగింది అత్తమ్మ.

"కొత్త ముడి గదా అత్తమ్మా, ఏం గాదు."

అది ఎందుకు మెరుస్తుందో నాకు తెలియదు. తెలియదనడానికి నామోషీ.

వాకిలి ఊడుస్తుంటే ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. చీపురు పడేసి "ముట్టకు అత్తమ్మా!" అంటూ ఉరికాను. అప్పటికే ఆమె తడి కాళ్ళతో నిలబడి, నీళ్ళు కాగాయేమో చూద్దామని గిన్నె అంచు పట్టుకుంది. తొడుగు కరిగిన వైరు రేకు డబ్బాకు తగిలి ఉంది. ఆమె అరవలేదు. చెయ్యి మాత్రం గిన్నెను వదలడం లేదు. నేను లాగబోయి ఆగిపోయాను. పట్టుకుంటే నేనూ పోతానని భయపడ్డాను. ఆమె కళ్ళు నా మీదే ఉన్నాయి. ఆ తర్వాతే ప్లగ్గు గుర్తొచ్చి పీకాను.

దవాఖానలో డాక్టర్ ఎట్లా జరిగిందని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ అంది: "తడి చెయ్యి వెట్టిన సారూ. నా కోడలు స్ప్రింగు మంచిగనే జోడిచ్చింది."

గద్వాలలో రిపేరు షాపతను కాలిన ముడి చూసి తల కొట్టుకున్నాడు. "వదులు ముడి కాడనే వేడి ఎక్కువైతది అక్కా. కొసను మడిచి రెండు పేటలు చెయ్యాలె. ఇత్తడి బోల్టు కింద రెండు వాషర్ల నడుమ గట్టిగ బిగియ్యాలె. ప్లాస్టిక్ వైరు స్ప్రింగును ముట్టనే వద్దు" అన్నాడు. కొత్త స్ప్రింగు తెచ్చాం. మా ఆయన బిగించబోతే అత్తమ్మ ఆపింది.

"నువ్వొద్దురా. పిల్లనే జోడియ్యనీ. ఈసారి దానికి ఎర్కనే."

షాపతను చెప్పినట్టే బిగించాను. వాషరు రెండుసార్లు జారింది. అంతా సరిగ్గానే ఉందని మా ఆయనా చూసి చెప్పాడు. అయినా ప్రతి పొద్దునా అత్తమ్మ లేవకముందే లేస్తున్నాను. స్విచ్ వేసి, చెప్పులు విప్పి, గిన్నెను ముందు నేను ముట్టుకుంటున్నాను.