నేరేడు చెట్టు కోసం ఒక అర్జీ

మొన్న పొద్దున మా వెనక సందులో మొదలైన రంపం మిషను మోత, నా వంట ముగిసేలోగానే ఆగిపోయింది. డాబా ఎక్కి చూస్తే, ఇన్నేళ్లూ నిండుగా కనిపించిన వేపచెట్టు చోట వట్టి ఆకాశం మిగిలింది. అప్పటినుంచి నా మనసు బొగ్గుబావుల నడుమనున్న మా చిన్న మున్సిపాలిటీలో నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల చుట్టే తిరుగుతున్నది.

ఆ రోజుల్లో సొంత పెరట్లో చెట్టు కొట్టించాలన్నా మా ఆఫీసులో అర్జీ పెట్టుకోవాల్సిందే. మా పైఆఫీసరూ నేనూ వెళ్లి, చెట్టు ఎండిందా, ఇంటి మీదికి ఒరిగిందా, వేరు పునాదిలోకి దూరిందా అని చూసి రావాలి. ఆయనకు చెట్లంటే ప్రాణం. చుట్టూ ఇంత అడవి పెట్టుకొని ఊళ్లో చెట్ల మీద ఈ పట్టుదల ఏమిటని నవ్వేవాళ్లను, బావులు ఎంత అడవిని మింగాయో ఒకసారి పోయి చూసి రమ్మనేవారు.

ఒక వానాకాలం మొదట్లో, బొగ్గుబావిలో పనిచేసి రిటైరైన కార్మికుని భార్య పేరున అర్జీ వచ్చింది. పెరట్లోని నేరేడు చెట్టు కొట్టించాలని తప్ప అందులో కారణమేమీ లేదు. మేము వెళ్లేసరికి ఆమె గాజులు లేని చేతులు కొంగులో దాచుకొని గుమ్మంలో నిలబడి ఉంది. చెట్టు మాత్రం నిగనిగలాడుతున్నది. రాలిన పండ్లతో నేలంతా ఊదారంగు. ఆఫీసరు చుట్టూ తిరిగి, మొదలు మీద అరచేత్తో తట్టి చూసి, ఇంత మంచి చెట్టును ఎందుకు కొట్టిస్తావమ్మా, దీనికేమైంది అని అడిగారు.

"చెట్టుకేం కాలే సారూ. మా ఇంటాయన దాని మీదికెల్లి పడి పాణం ఇడిసిండు."

ఆమెకు షుగరు. నేరేడు పండ్లు తింటే మంచిదని ఎవరో చెప్పినప్పటినుంచి, ఏటా కాపు రాగానే ఆయనే ఎక్కి తెంపేవాడట. ఉద్యోగమంతా భూమి కింద చేసి ఒంటి మీద గీత పడకుండా బయటికొచ్చిన మనిషి, సొంత పెరట్లో పెళుసు కొమ్మ విరిగి పడిపోయాడు. దవాఖానాకు చేర్చేలోగానే అంతా అయిపోయింది.

"వద్దన్నా ఇనలే. నా కోసమే ఎక్కిండు బిడ్డా," అన్నది, ఆఫీసరును వదిలి నా వైపు తిరిగి. "పొద్దుగాల తలుపు తీస్తే గదే కనబడ్తది. నేనెట్ల బతకాలె?"

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆఫీసరు బట్టలుతికే బండ మీద కూర్చున్నారు. పచ్చని చెట్టును కొట్టుకొమ్మని రాయలేనమ్మా, ఇంటి వైపు కొమ్మల వరకైతే రాసిస్తాను అన్నారు. ఆమె లోపలికి పోయి మా ఇద్దరికీ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

కొమ్మలు కొట్టించింది. కాని నేరేడు ఊరుకునే చెట్టు కాదు. చిగుళ్లు వేసి, ఒకటి రెండేళ్లలో ఇంటి వైపే మళ్లీ కాపు పట్టింది. ఆ వానల్లోనే ఆమె తలుపుకు తాళం వేసి తల్లాడ దగ్గర చెల్లెలింటికి వెళ్లిపోయిందని పక్కింటివాళ్లు చెప్పారు. ఆ దారిన పోయినప్పుడల్లా గోడ మీదుగా చూసేదాన్ని. పండ్లు రాలి పెరడంతా నిండేది, ఊడ్చేవాళ్లు లేరు. ట్రాన్స్‌ఫర్ మీద వెళ్లేముందు మా ఆఫీసరు, ఏ సందర్భమూ లేకుండా, ఆ నేరేడు ఎట్లా ఉందని అడిగారు. బాగానే కాస్తున్నది సార్ అన్నాను. ఆమె గురించి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఇప్పుడు చెట్టు కొట్టే అనుమతులన్నీ ఫోన్‌లోనే అయిపోతున్నాయి. ఫొటో తీసి పంపితే ఆమెకు ఆ అనుమతి దొరికేదేమో, సొంత ఇంట్లోనే బతుకు వెళ్లదీసేదేమో. ఆ మాట అనుకున్నప్పుడు ఈ పద్ధతే మేలనిపిస్తుంది. కాని ఆ రోజు మేము పోకపోతే, ఆ దుఃఖం ఆమె ఎవరికి చెప్పుకునేది? అడిగింది ఇవ్వలేకపోయినా, కాసేపు ఆమె పక్కన నిలబడ్డాం. ఇప్పుడు ఆ నిలబడడం ఎవరి ఉద్యోగంలోనూ లేదు.