షమీమక్క ఆపించిన సాంచాలు

జగిత్యాలలో నేను పనిచేసే ల్యాబులో రక్తపు గొట్టాలను తిప్పే మిషను ఒకటుంది. అది ఆగేముందు సన్నగా ఈల వేస్తుంది. తరువాత గదంతా నిశ్శబ్దం. రోజూ వినేదే అయినా ఆ నిశ్శబ్దంలో నాకు షమీమక్క గుర్తుకొస్తుంది. సిరిసిల్లలో ఆమె మా పక్కింటి మనిషి, ఒక చిన్న ల్యాబులో రక్తపరీక్షలు చేసేది.

ఇంటర్ చదివే రోజుల్లో నాకు ఎక్కడ కూర్చుంటే అక్కడ నిద్ర ముంచుకొచ్చేది. ఎండాకాలంలోనూ చలి. దువ్వెన నిండా జుట్టు. పాఠం చెవిన పడేది గాని బుర్రకెక్కేది కాదు. మా బాపు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పొద్దంతా నిలబడి నేసేవాడు. ఒకనాడు సాంచాల షెడ్డుకు ఆయనకు సద్ది తీసుకుపోయి, నూలు మూటలకు ఆనుకుని అక్కడే నిద్రపోయాను. షెడ్డులో అందరూ నవ్వారు. బాపుకు తల కొట్టేసినట్టయింది. "గీ పనిదొంగకు సదువెందుకు? కాలేజి బంద్ చేపిచ్చి నూలు కండెలు సుట్టవెడ్త" అని సాంచాల మోతను మించి అందరి ముందూ అరిచాడు. నాకు ఏడ్చే ఓపిక కూడా లేదు. నేను నిజంగానే సోమరిదాన్నని నమ్మేశాను. ఆ నమ్మకమే నన్ను ఎక్కువ కుంగదీసింది.

బొంగురుపోయిన నా గొంతు విని, ఉబ్బిన ముఖం చూసి షమీమక్కకు అనుమానమొచ్చింది. అమ్మను ఒప్పించి నన్ను ల్యాబుకు తీసుకెళ్లింది. "సూదిని సూడకు, నన్ను సూడు" అంటూ రక్తం తీసింది. మరునాడు రిపోర్టులో టీఎస్‌హెచ్ ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువగా వచ్చింది. థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయడం లేదని, రోజూ పరగడుపున మాత్ర వేసుకుంటే మామూలు మనిషినవుతానని డాక్టరమ్మ చెప్పింది.

"ఇంటికచ్చినంక ఆయనకు మెల్లగ చెప్త" అంది అమ్మ.

"అట్లెట్ల? అందరి ముందల తిట్టిండు గద, అందరి ముందలనే చెప్పాలె" అంది షమీమక్క.

షెడ్డులో సాంచాల మోతకు పక్కనున్న మనిషి మాట వినపడదు. షమీమక్క నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, బాపు ఎదుట నిలబడి ఆపమని సైగ చేసింది. సాంచాలు నడుస్తుంటే ఎవరొచ్చినా ఆపరు. బాపు విసుక్కున్నాడు. ఆమె కదల్లేదు. చివరికి ఆపాడు. ఏమైందోనని పక్కవాళ్లూ ఒక్కొక్కరే ఆపారు. ఆ షెడ్డు అంత నిశ్శబ్దంగా ఉండడం నేనెప్పుడూ ఎరగను.

"అన్నా, నీ బిడ్డ పనిదొంగ కాదు. పెయిల బాగలేదు, థైరాయిడ్ జబ్బు. గిన్ని దినాలు ఎట్ల నడిసిందో నాకే సమజ్ గాలే" అందామె.

బాపు చేతులకంటిన దూది దులుపుకుని నా తల మీద చెయ్యి పెట్టాడు. "ఎందుకు చెప్పలే బిడ్డా?"

"నాకే తెలువదు బాపూ" అన్నాను. అప్పుడు ఏడ్చాను, కడుపు నిండా.

నా చదువు ఆగలేదు. ల్యాబు పని నేర్పించింది కూడా షమీమక్కే. తరువాత ఆమె కోరుట్లలోని తమ్ముడింటికి వెళ్లిపోయింది. పోయిన వానాకాలంలో అక్కడే కన్నుమూసింది. ఆమెకు ఒక్కసారైనా సరిగా కృతజ్ఞతలు చెప్పలేకపోయాను.

ఈ ఉదయం సారంగాపూర్ నుంచి ఒకావిడ, నిన్న రక్తమిచ్చిన కూతురిని వెంటబెట్టుకుని రిపోర్టు కోసం వచ్చింది. "ఎప్పుడు సూడు పండుడే మేడం, పనంటే పానం మీదికస్తది దీనికి" అంది, బెంచీ మీదున్నవాళ్లంతా వింటుండగా. ఆ పిల్ల తల వంచుకుంది. నేను కాగితం చూశాను; ఒకప్పటి నా రిపోర్టులాగే టీఎస్‌హెచ్ చాలా ఎక్కువగా ఉంది. తల్లి చెయ్యి చాపింది.

"ఒక్క నిమిషం ఆగమ్మా" అని తిరుగుతున్న మిషను ఆపాను. ఈల సన్నగిల్లి ఆగిపోయింది. బెంచీ మీదివాళ్లు తలలెత్తారు.

"జబ్బు సంగతి డాక్టరు చెప్తడు" అని, ఆ పిల్ల కళ్లలోకి చూసి అందరికీ వినపడేలా అన్నాను. "నువ్వు పనిదొంగవు కాదు బిడ్డా."