మావయ్యగారి సమాధి దగ్గర తుమ్ములు

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. నేను బడికి వెళ్లలేదు. నాన్నే బైబిలు ముందు పెట్టుకుని ఇంట్లో చదువు నేర్పారు. చనిపోయినవాళ్లు దేవుని దగ్గర విశ్రాంతిలో ఉంటారని చిన్నప్పుడే నేర్చుకున్నదాన్ని. అయినా తొంభైల్లో బందరులో, పట్టపగలు, నా కళ్లెదుట జరిగినదాన్ని లేదనలేను.

మావయ్యగారిని పెట్టిన మా సమాధుల తోట పల్లంలో ఉంది. వానాకాలం గొయ్యి తవ్వితే నీళ్లు ఊరేవి. కొత్తవాళ్లకు చోటు కూడా మిగల్లేదు. అందుకని చర్చి సంఘంవాళ్లు పాత రాళ్లు పీకించి, ట్రాక్టర్లతో మట్టి తోలించి మెరక చేశారు. దాని మీద మళ్లీ కొత్త వరసలు వేస్తారు. అయినవాళ్లు ముందుగా వచ్చి చోటు చూపిస్తే అది వాళ్లకే ఉంచుతామని గుడిలో చదివారట. మేమప్పుడు గుడివాడలో ఉన్నాం. అత్తయ్యగారు అవనిగడ్డలో మా ఆడపడుచు దగ్గర ఉన్నారు. మాకు తెలిసేసరికి మెరక పని అయిపోయింది.

"నన్ను ఆయన సమాధిలోనే పెట్టండి" అన్నది అత్తయ్యగారి ఒకే ఒక్క కోరిక. ఆవిడా నేనూ పరుగున వచ్చాం.

మావయ్యగారి రాయి మిగతావాటితోపాటు గోడకు ఆనించి ఉంది. పీకేటప్పుడు అడుగున విరిగింది. ఎక్కడినుంచి పీకారో ఎవరికీ గుర్తు లేదు. ఎటు చూసినా ఒకేలాంటి నల్లమట్టి. సంఘ పెద్ద ప్రసాదరావుగారు పాపం చాలా నొచ్చుకున్నారు.

"చోటు చూపించండి పిన్నిగారూ, ఇవాళే రాయి నిలబెట్టిస్తాను. రేపటినుంచి కొత్త వరసలు వేసేస్తున్నారు" అన్నారు.

గోతులు తవ్వే ఏసోబు గునపం పట్టుకుని మా వెంట నడిచాడు. అత్తయ్యగారు ఇక్కడే అనేవారు, అంతలోనే కాదనేవారు. చాలాసేపు తిరిగాం. చివరికి ఆవిడ కళ్లు తుడుచుకుని, "ఇంక వెళ్దాం పదమ్మాయ్" అని గేటు వైపు తిరిగారు.

సరిగ్గా అప్పుడు ప్రసాదరావుగారు గట్టిగా తుమ్మారు. "చిరంజీవ!" అంటూ అత్తయ్యగారు ఆగిపోయారు. బయల్దేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే ఆగడం ఆవిడకు మొదటినుంచీ అలవాటు.

"శకునాలేంటండీ, మనం నమ్మకూడదు" అంటూనే ఆయన మళ్లీ తుమ్మారు. ఆ వెంటనే నేను. నా వెనకే, రోజంతా మట్టిలో ఉండే ఏసోబు కూడా.

పక్కకు జరిగితే ఎవరికీ ఏమీ లేదు. తిరిగి అక్కడికి వస్తే ముగ్గురికీ తుమ్ములే. అత్తయ్యగారికి మాత్రం రాలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు.

"నేను పుట్టింటికి బయల్దేరితే చాలు, మీ మావయ్యగారు ఇంత నస్యం పొడి పీల్చి కావాలని తుమ్మేవారమ్మా, నేను ఆగిపోతానని. ఇప్పటికీ బుద్ధి మారలేదు ఈయనకి! ఏసోబూ, ఇక్కడే తవ్వు నాయనా."

"దుమ్మండీ" అన్నారు ప్రసాదరావుగారు ముక్కు తుడుచుకుంటూ.

"దుమ్ము తోటంతా ఉంది కదండీ అయ్యగారూ" అన్నాడు ఏసోబు.

మోకాలి లోతున గునపం ఖంగుమంది. విరిగిన రాతి మొదలు. గోడ దగ్గరున్న మావయ్యగారి రాయి మోసుకొచ్చి పెడితే విరుపుకి విరుపు అతికినట్టు కూర్చుంది. విరిగిన రాళ్లు ఇంకా ఉంటే వాటినీ పెట్టి చూశాం. ఒక్కటీ కుదరలేదు. అక్కడే మోకరించి దేవునికి స్తోత్రం చెప్పుకున్నాం.

ప్రసాదరావుగారు మెల్లగా, "ఈ పక్క చోటు నాకు ఉంచుకుంటానండీ" అన్నారు.

"వద్దు నాయనా, ఆయన పక్కన నీకు నిద్ర పట్టదు" అన్నారు అత్తయ్యగారు.

ఆవిడ ఆ తర్వాత చాలా ఏళ్లు నిశ్చింతగా బతికారు. కోరుకున్నట్టే ఆ సమాధిలోనే పెట్టాం. నేను పూలు తీసుకుని ఎన్నిసార్లు వెళ్లానో. ఒక్కసారీ నాకు తుమ్ము రాలేదు. ఆ రోజు ఎందుకు వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. ఆ రాయి మీద ఇప్పుడు ఇద్దరి పేర్లూ ఉన్నాయి. నాకు అది చాలు.