ఆరు వాక్యాల కాగితం

ఇవాళ పొద్దున నేను ఒకామె సంగీతాన్ని మధ్యలో ఆపేశాను. మైకు పట్టుకుని, నవ్వుతూ ఆపాను. అయిపోయిందనుకున్నాను అని చెప్పుకోవచ్చు. చెప్పుకుంటే నలుగురూ నమ్ముతారు కూడా. కానీ అది ఇంకా అయిపోలేదని ఆమె ముందే రాసిచ్చిన కాగితం ఆ సమయంలో నా చేతిలోనే ఉంది.

హిందీ మాట్లాడే ప్రాంతంలోని మా ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్లో, సెక్టర్ 4లో, మా తెలుగువాళ్ల సంఘానికి ఒక హాలుంది. వచ్చే ఆదివారం వార్షికోత్సవం. దానికి వారం ముందు, పాడేవాళ్లూ వాయించేవాళ్లూ పొద్దున్నే వచ్చి తమ అంశాలు వినిపిస్తారు. సాయంత్రం ఐదింటికి కమిటీ కూర్చుని ఎవరిని ఉంచాలో, ఎవరిని తీసేయాలో తేలుస్తుంది. ఇక్కడ మాకొక పద్ధతి ఉంది. ఎవరి గురించి వాళ్లు మైకులో చెప్పుకోకూడదు. అది గొప్పలు పోవడం కింద లెక్క. అందుకని తాము వాయించబోయేదాని గురించి ఒక కాగితం మీద రాసిస్తే, వ్యాఖ్యాత దాన్ని చదువుతాడు. ఇరవై ఏళ్లుగా ఆ వ్యాఖ్యాతను నేనే.

ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లకు తెలుగు మాట్లాడటం వస్తుంది గానీ రాయడం రాదు. హిందీలో రాసిస్తారు. నేను అక్కడికక్కడే తెలుగు చేసి చదువుతాను. ఆ పనిలో నాకు పేరుంది. వాళ్లు పిడికెడు రాస్తే నేను గంపెడు చేస్తాను. 'నాద సముద్రం', 'స్వర తపస్సు' లాంటి మాటలు వేయకపోతే నాకు మైకు పట్టుకున్నట్టే ఉండదు.

ఆమెది మా ఊరి పక్కనే ఉన్న చరోదా. తాత రోజుల నుంచీ రైల్వే కుటుంబం. ఆమె కూడా అక్కడి యార్డులోనే వ్యాగన్లు పరీక్షించే విభాగంలో పనిచేస్తుంది. ముప్పై అయిదేళ్లుంటాయి. వయొలిన్ వాళ్ల చర్చిలో నేర్చుకుందట. ఇన్నాళ్లూ వేరేవాళ్ల పాటల వెనక వాయించింది. సొంతంగా కట్టినదాన్ని నలుగురి ముందు వాయించడం ఇదే మొదలు. కాగితం నాకిచ్చేటప్పుడు, "అంకుల్, జర పూరా చదవండి, ఆఖరిది మాత్రం వదలకండి" అంది. నేను తలూపాను.

ఆ కాగితం మీద ఆరు వాక్యాలున్నాయి. తెలుగులో చెప్తే ఇంతే: బళ్లు యార్డులోకి వచ్చేటప్పుడు నేను లైను పక్కన నిలబడి చక్రాల చప్పుడు వింటాను. ఎక్కడైనా అరిగి చదునైన చక్రం ఉంటే టక్, టక్ అని వినిపిస్తుంది. బండి నెమ్మదించేకొద్దీ ఒక టక్కుకూ ఇంకో టక్కుకూ మధ్య ఖాళీ పెరుగుతుంది. ఆ ఖాళీల్లో నేను స్వరాలు పెట్టాను. చివరి ఖాళీ చాలా పెద్దది, అక్కడ ఏమీ వాయించను, ఆ తర్వాత ఒక్కసారి తీగను వేలితో మీటుతాను. తప్పుంటే చెప్పండి.

నేను చదివింది ఇది కాదు. "లోహచక్రాల ఘోషలో విశ్వలయను దర్శించిన విదుషీమణి, నిశ్శబ్దపు గర్భంలోంచి నాదశిశువును వెలికితీసిన తపస్విని" అని మొదలుపెట్టి రెండు నిమిషాలు లాగాను. అయిదో వాక్యం నా మాటలకు లొంగలేదు. దాన్ని వదిలేశాను. తప్పుంటే చెప్పండి అన్నది ఎలాగూ వదిలేస్తాను, అలాంటివి చదివితే స్థాయి తగ్గుతుందని నా నమ్మకం.

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. "ఏటీ, విశ్వలయా? గూడ్సుబండిలోనా?" అని వెనక వరసలో ఎవరో అన్నారు. ఇంకెవరో, "ఈవిడ తపస్విని అయితే మా బావ గ్యాంగ్‌మన్, ఆడు మహర్షి గావాల" అన్నారు. నవ్వులు. ఆమె నా వైపు చూసింది. ఆ మాటలు తనవి కావని చెప్పడానికి ఆమె దగ్గర మైకు లేదు.

వాయించింది. బాగుందో లేదో చెప్పే చదువు నాకు లేదు. చప్పుడు దగ్గరగా మొదలై దూరం జరుగుతూ పోయింది. చివరకు వయొలిన్ కమాను ఎత్తి పట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడింది. ఒక క్షణం, రెండు, మూడు. వెనక నుంచి, "బండి ఆగిపోనాది" అని కేక. హాలంతా నవ్వింది. అప్పుడు నేను మైకు అందుకుని, "సిగ్నల్ ఇచ్చేవరకూ ప్రయాణికులు దయచేసి దిగవద్దు" అన్నాను.

చప్పట్లు బాగానే పడ్డాయి, నాకు. ఆమె వేలు అప్పటికే తీగ మీద ఉంది. ఆ వేలు తీసేసి, వయొలిన్ పెట్టెలో పెట్టి వెళ్లిపోయింది.

పొద్దున హాల్లోనే ఉన్న నా భార్య మధ్యాహ్నం భోజనం దగ్గర అడిగింది. "ఏటండి, మీరు చదివింది ఆ పిల్ల రాసిందేనా?"

"కొంచెం నగిషీ చేశాను."

"నవ్వింది మీ నగిషీకా, ఆ పిల్లకా?"

"వాయించేవాళ్లకి అంత పొగరు ఎందుకులే, తమ గురించి అంతంత రాసుకోవడం..." అని అలవాటు కొద్దీ మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయాను. ఆ రాసుకున్నది ఎవరు? ఆమె లోహచక్రమని కూడా రాయలేదు, హిందీలో ఉత్త చక్రమని, పహియా అని రాసింది. పొగరంతా నాది. దాన్ని ఆమె నెత్తిన పెట్టి, తర్వాత నేనే అందరితో కలిసి నవ్వాను. ఇంట్లో కూడా ఆమెనే తిడుతున్నాను.

"మీ రిటైర్మెంట్ నాడు ఏం మాటాడారో గుర్తుందా?" అంది నా భార్య, మజ్జిగ పోస్తూ.

గుర్తుంది. నేను రైలు పట్టాలు తయారయ్యే మిల్లులో ముప్పై రెండేళ్లు చేశాను. ఎర్రగా కాలిన పట్టాను కోసే రంపం అరుపు విని, దాని పళ్లు ఎప్పుడు మొద్దుబారుతున్నాయో, ఎవరూ చెప్పకముందే నేను చెప్పేవాణ్ని. రిటైర్మెంట్ సభలో ఆ రంపం గురించి నలభై నిమిషాలు మాట్లాడాను. ఆ అరుపులో ఎన్ని రకాలున్నాయో నోటితో చేసి చూపించాను. ఒక్కరు నవ్వలేదు. పెద్ద ఆఫీసరు శాలువా కప్పి, "ఇదీ అనుభవమంటే" అన్నారు. అదే పని ఒక ఆడమనిషి చక్రం దగ్గర చేసి, ఆరు వాక్యాల్లో చెప్తే, అది అతిశయం.

నాకు తల తిరిగేంత కోపం వచ్చింది. ముందు నా మీద, తర్వాత మా అందరి మీద. మేం ఏ మొహం పెట్టుకుని సంగీతం వాళ్ల గొప్పల గురించి మాట్లాడతాం? ఈ ఊళ్లో ఫర్నేసు దగ్గర పనిచేసినవాడు పెళ్లి విందుల్లో కూడా ఫర్నేసు గురించే చెప్తాడు, వింటాం. ఊరి పక్క పారిశ్రామికవాడ హథ్‌ఖోజ్‌లో చిన్న లేతు మిషన్ పెట్టుకున్నవాడు తన బోల్టు గురించి అరగంట చెప్తాడు, ఆహా అంటాం. వయొలిన్ పట్టుకున్న మనిషి మాత్రం ఇది ఇలా కట్టాను అనగానే మాకు ఒళ్లు మండుతుంది. వాయించి ఊరుకోవచ్చుగా అంటాం. వంట చేసినామెను పోపు ఎలా వేశావని అడిగి తెలుసుకుంటాం కదా, ఈమెనెందుకు అడగం?

గొప్పలు పోయే సంగీతం వాళ్లు లేరని కాదు. రెండేళ్ల క్రితం బయట నుంచి ఒకాయనను పిలిపించాం. ఒకే ఒక్క స్వరంలో తాను అనుభవించిన ఆకాశం గురించి ముప్పావుగంట చెప్పారు. వెనక తంబూరా శ్రుతి తప్పి ఉంది. ఎవరూ నవ్వలేదు. మా సెక్రటరీ కళ్లు తుడుచుకున్నాడు. పరిచయం చదివింది నేనే, 'గంధర్వాంశ' అన్నాను. దూరం నుంచి వచ్చినవాడి ఆకాశాన్ని నెత్తిన పెట్టుకున్నాం. పక్కనున్న చరోదా యార్డు నుంచి వచ్చినామె చక్రాన్ని భరించలేకపోయాం.

ఆ కాగితం కోసం చొక్కా జేబు వెతికాను. ఉంది. వెనక తిప్పితే నిండా స్వరాలు రాసి, కొట్టేసి, మళ్లీ రాసి ఉన్నాయి. ఆమె తన కృతిని రాసుకున్న కాగితం వెనకే నాకోసం ఆ ఆరు వాక్యాలు రాసిందన్నమాట. దాన్ని కూడా నేను మడిచి జేబులో వేసుకుని వచ్చేశాను.

మూడింటికి స్కూటర్ తీశాను. చరోదా రైల్వే కాలనీలో ఆమె ఇల్లు కనుక్కోవడానికి ఎంతోసేపు పట్టలేదు. తలుపు తీసింది ఆమె తల్లి.

"ఎవులండి?"

"సంఘం నుంచి వచ్చానమ్మా. పొద్దున మైకులో..."

"ఓహో, మీరేనా. రండి. టీ తాగుతారా, విశ్వలయ తాగుతారా?"

నేను తల దించుకుని కూర్చున్నాను. అంతలో కూతురు లోపలి నుంచి వచ్చింది. యూనిఫాం ఇస్త్రీ చేస్తున్నట్టుంది, చేతిలో తడిగుడ్డ ఉంది. నేను లేచి, కాగితం చూపించి, "అమ్మా, తప్పు నాది. మీరు రాసింది చదవలేదు. అయిదోదీ, మీరు వదలొద్దన్న ఆఖరిదీ వదిలేశాను. మీరు ఆగిన చోట మాట్లాడాను" అన్నాను.

"తెలుసు అంకుల్. నాకు తెలుగు రాయడం రాదు గాని, వింటే సమఝ్‌లో వస్తది" అంది. "నేను రోజూ అదే పని చేస్తను. బండి ఆగేదాకా మాటాడకూడదు, మాటాడితే చప్పుడు మిస్ అయిపోద్ది. మీరు మిల్లులో చేసినారు కదా, మీకు తెల్దా?"

తెలుసు. తెలిసీ మాట్లాడాను.

"సాయంత్రం కమిటీ ఉంది. మీ పేరు తీసేస్తారు" అన్నాను.

"తీసేస్తే తీసేస్తారు. చర్చిలో మళ్లీ అందరి వెనక వాయించుకుంటను. ఇది మాత్రం ఇంకెక్కడా వాయించను. ఒకసారి నవ్వినారు, బస్."

ఇదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఒక మనిషి యార్డులో ఏళ్ల తరబడి విని కట్టినదాన్ని నా ఒక్క జోకు శాశ్వతంగా పెట్టెలో పెట్టించబోతోంది.

"ఈ కాగితం సాయంత్రం దాకా నా దగ్గర ఉంచనివ్వండి. మీరు రాసింది రాసినట్టు అక్కడ చదువుతాను" అన్నాను.

ఆమె తడిగుడ్డ పక్కన పెట్టింది. "హిందీలోనే చదవండి. తెలుగు చెయ్యొద్దు. తర్వాత వాపస్ ఇచ్చెయ్యండి, నా దగ్గర కాపీ లేదు."

అయిదింటికి కమిటీలో అయిదుగురున్నారు. నేను వెళ్లేసరికి సెక్రటరీ జాబితాలో ఆమె పేరు మీద గీత పెడుతున్నాడు.

"ఆ రైలుబండి ఐటెం వద్దులే భయ్యా. మరీ గొప్పలు. మన సంఘం ఫోన్ గ్రూపులో ఒకటే జోకులు పెడతన్నారు" అన్నాడు.

"గొప్పలు ఆవిడవి కాదు, నావి" అని, నిలబడి ఆ ఆరు వాక్యాలూ హిందీలో చదివాను. చదవడానికి అర నిమిషం కూడా పట్టలేదు. అయిదో వాక్యం రెండుసార్లు చదివాను. 'తప్పుంటే చెప్పండి' అన్న దగ్గర ఆగి, "తప్పుంది, చెప్తున్నాను, నాది" అన్నాను.

 సెక్రటరీ పెన్ను పక్కన పెట్టి, "అంటే పొద్దున ఇంకా అయిపోలేదేటి?" అన్నాడు.

"అవ్వలేదు. నేను ఆపేశాను."

"అయితే ఉంచుదాం. కానీ పరిచయం మీరు కొంచెం చిన్నది..."

"పరిచయం నేను చదవను. ఆవిడే చెప్తుంది, తన నోటితో."

"మన పద్ధతి కాదు కదా."

"మన పద్ధతి ఏం చేసిందో పొద్దున చూశాం. మీ రిటైర్మెంట్ నాడు మీరు పనిచేసిన కోక్ ఓవెన్ల గురించి మీరెంతసేపు చెప్పారు? మీ బదులు ఎవరైనా చదివారా?"

అతను నవ్వాడు గానీ వాదించలేదు. పక్కాయన, "ఆడాళ్లకి మైకు ఇస్తే..." అని ఏదో అనబోతే, నేను ఆయన వైపు తిరిగి, పొద్దున మైకు మగవాడి చేతిలోనే ఉందని గుర్తుచేశాను. జాబితాలో ఆమె పేరు మళ్లీ రాశారు. పక్కనున్న వ్యాఖ్యాత గడిలో నా పేరు నేనే కొట్టేశాను.

అక్కడే కూర్చుని సంఘం గ్రూపులో కూడా రాశాను. విశ్వలయ, తపస్విని, నాదశిశువు అన్న మాటలు నావని, ఆమె కాగితంలో అవి లేవని, ఆమె ముగించకముందే నేను మాట్లాడానని. వెంటనే ఎవరో నవ్వే బొమ్మ పెట్టారు. పెట్టనీ. ఈసారి నవ్వు సరైన చిరునామాకే వచ్చింది.

మళ్లీ చరోదా వెళ్లాను. ఆమె గుమ్మంలోనే కాగితం తీసుకుని, ముందూ వెనకా తిప్పి చూసుకుంది.

"పేరు ఉంది. మీరే మాట్లాడాలి" అన్నాను.

"నాకు మైకులో మాటాడ్డం రాదు అంకుల్."

"ఈ ఆరూ చదవండి, చాలు."

ఆమె కాగితం మడిచి పెట్టుకుంది. లోపలికి వెళ్లి వయొలిన్ తెచ్చింది. నన్ను వరండాలో స్టూలు మీద కూర్చోబెట్టి, మొదటి నుంచి వాయించింది. చప్పుళ్లు దూరమయ్యాయి. కమాను పైకి లేచింది. ఆ ఖాళీ పొద్దున నేను అనుకున్నదానికన్నా చాలా పెద్దది. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. అప్పుడు ఆమె ఒక్కసారి తీగను మీటింది.